తొమ్మిది తూటాల రివాల్వరు

మొన్న మోకాలి నొప్పికి మందు తెచ్చుకుని తాకేటాలో బస్సు దిగేసరికి మా వార్డులో బర్మావాళ్ళ దీపాల పండుగ సంత పెట్టి ఉంది. సంత అనడమే గాని నాలుగు అప్పాల బళ్ళు, కరెంటు లేక నిలిచిపోయిన ఒక రంగులరాట్నం, చివర్న బెలూన్లు కొట్టే దుకాణం, అంతే. గాలితుపాకీ దెబ్బకి బెలూను టప్‌మన్నప్పుడల్లా సంతలో ఉన్నవాళ్ళందరూ తల తిప్పి చూస్తున్నారు. బెలూనేనని తెలిశాక మళ్ళీ తమ పనిలో పడుతున్నారు. సైన్యం మళ్ళీ రాజ్యానికొచ్చి వీధుల్లో కాల్పులు మొదలయ్యాక ఈ ఊళ్ళో అందరం అలాగే బతుకుతున్నాం.

నాతో ఉన్న మనవరాలు తుపాకీ అందుకుంది. ఒక కన్ను గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, మూడుసార్లు గురి తప్పింది. రెండు కళ్ళూ తెరిచే ఉంచమని, ఊపిరి సగం వదిలి అక్కడ ఆపమని, వేలితో లాగకుండా మెల్లగా నొక్కమని చెప్పాను. నాలుగోది తగిలింది. అది నా వైపు వింతగా చూసి, "నీకెలా తెలుసు ప్వాప్వా?" అని బర్మా భాషలో అడిగింది. అమ్మమ్మని అది అలాగే పిలుస్తుంది. కాళ్ళు లాగేస్తున్నాయి, ఇంటికి పోదాం పద అన్నాను. ఆ ప్రశ్నకి జవాబు చాలా పొడుగు. దానికి తెలుగు అర్థమవుతుంది గాని ఎక్కువసేపు వినదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

నాకప్పుడు పదకొండేళ్ళు. పజుండాంగ్ వాగుకి అటు గట్టున, చెక్క గోడల వరసిళ్ళలో ఉండేవాళ్ళం. వీధి వీధంతా మన తెలుగువాళ్ళే. రేవులో మూటలు మోసేవాళ్ళు, గోదాముల్లో లెక్కలు రాసేవాళ్ళు, రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు. పొద్దున్నే వీధిలోకి వస్తే ఒక గుమ్మంలోంచి ఇంగువ వాసన, పక్క గుమ్మంలోంచి బర్మావాళ్ళ చేపల ముద్ద వాసన, ఈ రెంటి మీదా మిల్లుల నుంచి వచ్చే ఊక పొగ. ఇప్పుడు ఆ మూడూ కలిసిన వాసన ఎక్కడా లేదు.

నాన్న నదిలో ఇసుక తోడే ఓడ మీద పనిచేసేవారు. నెలకొకసారి వచ్చేవారు. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, అమ్మ తమ్ముడు మావయ్య, నేను. మావయ్య రేవు గోదాములో గుమాస్తా. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. పెళ్ళి మాటెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అలాంటి మనిషికి ఆ ఏడాది వరికోతలయ్యాక రివాల్వరు పిచ్చి పట్టింది.

అది మావయ్యకి దొరికింది ఊలే వల్ల. ఊలే అంటే వాళ్ళ భాషలో బాబాయి. ఆయన బర్మావాడు, ఇన్సేన్‌లో రైలు కార్ఖానాలో ఫిట్టరు. కార్ఖానాలో మనవాళ్ళతో చిన్నప్పటి నుంచీ పనిచేసి మా యాస మాకంటే బాగా మాట్లాడేవాడు. ఊరు విడిచిపోతున్న ఒక ఇంజను డ్రైవరు సామాన్లన్నీ అమ్ముకుంటుంటే, అందులో ఈ రివాల్వరు ఉందని మావయ్యకి చెప్పింది ఆయనే. అది బహు చవకబారుది. చిన్న తూటాలు పడతాయి, నా చిటికెన వేలి గోరంత లావు. తొమ్మిది పడతాయి. పిడి చెక్క పగిలితే సైకిలు ట్యూబు చుట్టి ఉంది. పేలిన తూటాల గొట్టాలు వాటంతట అవి రావు, ఒక్కొక్కటీ పుల్లతో పొడిచి తీయాలి. ఆ పుల్ల ఊలే పాత గొడుగు ఊచ అరగదీసి చేసిపెట్టాడు. లోపల స్ప్రింగు విరిగితే కార్ఖానాలో ఇంకొకటి చేసి తెచ్చాడు. ఇద్దరూ పోలీసు స్టేషను చుట్టూ తిరిగి లైసెన్సు పుస్తకం కూడా తెచ్చుకున్నారు.

ఆయుధం ఇంట్లోకి వచ్చిన రోజున అమ్మమ్మ దాన్ని దేవుడి పటాలున్న గదిలోకి రానివ్వలేదు. వంటింట్లో వద్దంది. చివరికి నడవాలో బియ్యం డబ్బా మీద, పాత టవలు చుట్టి, తాళం వేసిన రేకు పెట్టెలో దాని స్థానం కుదిరింది.

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక మేం ముగ్గురం, మావయ్యా ఊలే నేనూ, సంపాను పడవ ఎక్కి వాగు దాటి వెళ్ళేవాళ్ళం. అవతలి గట్టు ఇప్పుడు నేనుంటున్న ఈ తాకేటాయే. అప్పుడు కొత్తగా వేసిన గుడిసెలు కొన్ని, ఆ తరవాత కోసిన వరిచేలు, మధ్యలో పాడుబడిన ఇటుకబట్టీ. బట్టీ పక్కన మట్టి తవ్విన పెద్ద గొయ్యి, దాని వెనక మనిషెత్తు మట్టిగట్టు. ఆ గట్టు మీద పాలడబ్బాలు నిలబెట్టి కొట్టడమే మా ఆట. ఎవరినీ గెలవడానికి కాదు, దేనినీ చంపడానికి కాదు. పక్షి వాలినా మావయ్య తుపాకీ దించేసేవాడు.

డబ్బాలు చాలేవి కావు. టీకొట్టువాడు ఇచ్చేవి కొన్ని. అమ్మమ్మ తన టీ కోసం గట్టిపాల డబ్బా ఒకటి తెప్పించుకుని వారం రోజులు వాడుకునేది. ఆదివారం నాటికి అది ఖాళీ కాకపోతే నాకు మనసు ఊరుకునేది కాదు. శనివారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే వేలితో నాకి ఖాళీ చేసేదాన్ని. చీమలు తిన్నాయని చెప్పేదాన్ని. ఒకసారి ఆవిడ నా గడ్డం పట్టుకుని వాసన చూసి, "ఈ చీమకి రెండు జడలున్నాయి" అంది. కొట్టలేదు.

మొదట నా పని తూటాలు అందివ్వడం, గొట్టాలు పొడిచి తీయడం. వేడి గొట్టాలు అరచేతిలో పడితే సురుక్కుమనేది. మందు వాసన దీపావళి మర్నాటి పొద్దుటి వాసనలా ఉండేది. నెల రోజులయ్యాక మావయ్య నా చేతికి ఇచ్చాడు. ఇచ్చే ముందు మట్టిలో గొంతుక్కూర్చుని నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు.

"సూడమ్మా. కాళీగున్నా సరే, నిండుగున్నట్టే అనుకోవాల. మనిసి వేపు తిప్పకూడదు. మట్టి మీదే కొట్టాల. రాయి మీద, ఇటుక మీద కొట్టకూడదు. గుండు ఎటు పోతాదో దేవుడికి కూడా తెల్దు."

నేను అలాగేనని తలూపాను. ఇప్పటికీ ఆ మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, అదే నా బాధ.

నాకు గురి కుదిరింది. ఎందుకు కుదిరిందో తెలియదు. బడిలో లెక్కలు రావు, ఇంట్లో ముగ్గు వంకరగా పోయేది. ఆ అతుకుల రివాల్వరు మాత్రం నా చేతిలో మాట వినేది. అది కొంచెం ఎడమకి కొట్టేది. డబ్బాకి కుడిపక్కన ఒక బెత్తెడు జరిపి గురిపెడితే నడుమున తగిలేది. ఆ సంగతి ముందు కనిపెట్టింది నేనే. నాకు ఆదివారానికి మూడు తూటాలు ఇచ్చేవాడు మావయ్య. మూడుకి మూడు తగిలిన రోజున ఆయన మొహం చూడాలి. సంపానులో తిరిగొస్తూ ఆ మాట పడవవాడికి చెప్పాడు, వీధి చివరి దర్జీకి చెప్పాడు, ఇంటికొచ్చి అమ్మకి చెప్పాడు. అమ్మ వినీ విననట్టు బట్టలు మడతపెట్టుకుంది. అమ్మమ్మ ఊరుకోలేదు.

"ఆడగుంటకి తుపాకీ ఏటి? రేపు అత్తోరింటికి పోయి గరిటి పట్టాల గాని."

"రెండూ పడతాదిలే" అన్నాడు మావయ్య.

తిరిగొచ్చాక అరుగు మీద ఊలే చేత ఏదో ఒకటి తినిపించకుండా అమ్మ పంపేది కాదు. పులిహోర, చేగోడీలు, ఆవకాయ వేసిన అన్నం. ఆయనకి అమ్మమ్మ విడిగా ఒక పింగాణీ పళ్ళెం పెట్టింది. ఆయన దాన్ని తనే కడిగి, తనే మేకుకి తగిలించేవాడు. వాళ్ళ ఇంటి నుంచి ఊరబెట్టిన టీ ఆకు, వేయించిన బఠాణీలు తెచ్చేవాడు. అవి నేనూ మావయ్యా తినేవాళ్ళం. బర్మాలో సైన్యం రాజ్యానికొచ్చి మనవాళ్ళని పంపించేస్తున్న రోజులవి, పెద్దవాళ్ళు అరుగు మీద మాట్లాడుకునే మాటలు ఆ ఏడాది మారుతూ వచ్చాయి. ఎవరి కాగితాలు ఎలా ఉన్నాయి, ఎవరి కొట్టు మూసేశారు, విశాఖపట్నం ఓడ ఎప్పుడు. నాకవి పట్టేవి కావు. నాకు ఆదివారం ఎప్పుడొస్తుందన్నదే ధ్యాస.

నీళ్ళ పండుగ ఇంకో వారం ఉందనగా ఒక ఆదివారం. ఎండ మండిపోతోంది. చేలు బీటలు వారి ఉన్నాయి. ఆ రోజు ఊలే నన్ను ఆటపట్టిస్తూ, మెత్తటి మట్టి మీద కూచున్న డబ్బాని ఎవరైనా కొడతారని, డబ్బా కొంచెం ఎత్తులో, వెనకాల ఆకాశం ఉండేలా పెడితే అప్పుడు తెలుస్తుందని అన్నాడు. ఊరికే అన్నాడు. నాకది గుచ్చుకుంది.

ఆఖర్న మూడు తూటాలు మిగిలాయి. అవి నావి. మావయ్య వాటిని తనే లోపల పెట్టి నా చేతికిచ్చి, ఇరవై అడుగుల వెనక నీడలో కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. ఊలే బట్టీ పక్కన నీటి మడుగు దగ్గర తూటికూర కోస్తున్నాడు. మా అమ్మ వండే తూటికూర పులుసంటే ఆయనకి ఇష్టం. నాకు ఎడమ పక్కన, చాలా దూరంగా ఉన్నాడు. మట్టిగట్టు వైపు కొడితే ఆయనకి ఏ ప్రమాదమూ లేదు.

మొదటి రెండూ గట్టు మీద డబ్బాకే కొట్టాను. రెండూ తగిలాయి. అప్పుడు రివాల్వరు పట్టుకునే వెళ్ళి, డబ్బా తీసుకుని, బట్టీ మొండిగోడ మీద పెట్టాను. అది ఇటుక గోడ అని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. వెనక్కొచ్చి నిలబడ్డాను. మావయ్య తల వంచుకుని టీ ఊదుకుంటున్నాడు. రెండు కళ్ళూ తెరిచి, ఊపిరి సగం వదిలి, నొక్కాను.

డబ్బా ఎగిరిపడింది. నాకు కనిపించింది అదే. ఆనందంతో మావయ్య వైపు తిరిగాను. ఆయన నన్ను చూడటం లేదు. మడుగు వైపు పరిగెడుతున్నాడు. ఊలే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కంటి మీద చెయ్యి, ఆ వేళ్ళ సందుల్లోంచి రక్తం. మరో చేతిలో తూటికూర కట్ట అలాగే ఉంది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నేను ఏడ్చేదాన్నేమో. ఏడుపు కూడా రాలేదు.

మావయ్య తన తెల్లచొక్కా విప్పి ఆయన తలకి కట్టాడు. సంపానులో ఊలే తల మావయ్య ఒడిలో ఉంది. నేను ముందు కొసన కూర్చున్నాను. గుండు కాదు, ఇటుక పెచ్చు తగిలిందని వాళ్ళ మాటల వల్ల తెలిసింది. ఆసుపత్రిలో తుపాకీ సంగతి చెప్పేస్తానని, అది తన చేతిలోనే పేలిందంటానని మావయ్య అన్నాడు.

ఊలే చొక్కా కింద నుంచి మాట్లాడాడు. "నువ్వు చెప్తే ఏటవుద్ది? నీ కాగితాలే సరిగ్గా లేవు. నిన్ను లోపలేస్తారు. ఈ గుంటని కూడా స్టేషనుకి పిలుస్తారు. నా కన్ను ఎలాగూ రాదు."

"మరేటి సెప్తావు?"

"ఎవరికో పైపని చేసిపెడుతూ ఇనుము అరగదీస్తుంటే ముక్క ఎగిరిందని చెప్తాను. ఫిట్టరుని. నమ్ముతారు." తలకట్టు అదుముకుని, "మా ఇంట్లో కూడా అదే చెప్పాల. మీరు మరోలా చెప్పకండి" అన్నాడు.

నమ్మారు. కన్ను పోయింది. ఒంటి కన్నుతో ఫిట్టరు పని కుదరదని ఆయన్ని కార్ఖానా గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసే పనిలో వేశారు. ఇంజను భాగాన్ని చేత్తో తడిమి ఎక్కడ అరిగిందో చెప్పగల మనిషి, మిగతా ఉద్యోగమంతా గేటు దగ్గర కుర్చీలో గడిపాడు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మావయ్య మర్నాడే ఆ రేకు పెట్టె తీసుకెళ్ళి స్టేషనులో అప్పగించి వచ్చాడు. ఆ తరవాత కొన్నాళ్ళకి అందరి తుపాకులూ అప్పగించాలని ఎలాగూ హుకుం వచ్చింది. అమ్మమ్మకి జరిగింది చెప్పారో లేదో నాకు తెలియదు. కట్టు విప్పాక ఊలే మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఆవిడ మేకు మీది పింగాణీ పళ్ళెం తీయలేదు. లోపలికి పిలిచి, మా అందరితో పాటు కూర్చోబెట్టి, అరిటాకు వేసింది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. భోజనానికి రమ్మంటే కడుపు నొప్పన్నాను. ఆయన వచ్చినప్పుడల్లా నాకు కడుపు నొప్పి వచ్చేది.

రెండేళ్ళలో మా వీధి సగం ఖాళీ అయింది. రేవులో మావయ్య ఉద్యోగం పోయింది. అమ్మమ్మని తీసుకుని ఆయన విశాఖపట్నం ఓడ ఎక్కాడు. నాన్నకి ఓడ పని పోలేదు కనుక మేం ఉండిపోయాం. రేవు గేటు దాకా ఊలే కూడా వచ్చాడు. మావయ్య ఆయన్ని చాలాసేపు పట్టుకుని నిలబడి, వదిలి, నా దగ్గరికి వచ్చి, ఊలే ఇంటికి అప్పుడప్పుడూ పోతుండమ్మా అన్నాడు. కొన్నేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ఉత్తరంలోనూ ఊలే ఎలా ఉన్నాడని ఉండేది. అమ్మ ఏదో రాసేది. నేను పోలేదు.

పోలేదు. అది దాచడానికేమీ లేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టాను. ఇన్సేన్ రైల్లో గంట ప్రయాణం. ఇరవై ఏళ్ళపాటు ఆ గంట నాకు దొరకలేదు. విశాఖపట్నం నుంచి మావయ్య పోయాడని కబురు వచ్చాక, ఆ కబురు చెప్పాలి గనక వెళ్ళాను.

రైలు క్వార్టర్ల వెనక చెక్క ఇల్లు. ఊలే వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. మిగిలిన కంటిలో కూడా పొర కమ్మింది. నా గొంతు విని వెంటనే పోల్చాడు. మావయ్య సంగతి చెప్పాను. ఊలే చాప మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. ఆయన కూతురు టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. అప్పుడు నేను, ఎన్నేళ్ళుగానో కూడబెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఆ గోడ మీద డబ్బా పెట్టింది నేనే ఊలే, తెలిసే పెట్టాను అన్నాను.

ఆయన తల నా వైపు తిప్పాడు. "తగిలిందా?"

నాకు అర్థం కాలేదు.

"డబ్బాకి తగిలిందా అని. ఆ గొడవలో అడగనేలేదు నాను. మీ మావని అడిగితే సూడలేదన్నాడు."

"తగిలింది ఊలే. నడుమున."

ఆయన నవ్వాడు. కొట్టలేవన్నది కొట్టి చూపించావు అన్నట్టుగా కాదు, చాలాకాలంగా తెలుసుకోవాలనుకున్నది తెలిసినవాడిలా నవ్వాడు. తరవాత, పక్కనున్న పేపరు నా చేతికిచ్చి, కూతురికి పనితో తీరడం లేదు, కొంచెం చదివి పెట్టమన్నాడు.

ఆ రోజు నుంచి ఆరేళ్ళు ప్రతి ఆదివారం పజుండాంగ్‌లో రైలెక్కి ఇన్సేన్ వెళ్ళేదాన్ని. పేపరు మొదటి నుంచి చివరి దాకా చదివేదాన్ని. నదిలో నీటిమట్టం, చనిపోయినవాళ్ళ ప్రకటనలు కూడా వదలనిచ్చేవాడు కాదు. మధ్యలో నిద్రపోయేవాడు. అయినా నేను ఆపేదాన్ని కాదు. మా ఇంట్లో విసుక్కున్నారు, పిల్లలకి జ్వరాలొచ్చాయి, వానాకాలం పట్టాలు మునిగాయి. వెళ్ళాను. ఎందుకు వెళుతున్నానో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఆయన పోయిన ఏడో రోజున బౌద్ధ భిక్షువులకి అన్నదానం పెట్టారు. అందరూ వెళ్ళాక ఆయన కూతురు నా దగ్గర కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుంది. నేను కూతుర్నయి ఉండీ అంత చెయ్యలేకపోయాను, పరాయి మనిషివి నువ్వు చేశావు, ఈ రుణం ఎలా తీర్చుకోను అని ఏడ్చింది. నా చిన్నప్పుడు ఆ ఇనుప ముక్క ఎగరకపోతే మా నాన్న కార్ఖానాలో ఎంత పెద్దవాడయ్యేవాడో అంది. ఆ రోజు ఇంట్లో ఉండమని నేను వేడుకున్నా వినకుండా, ఆదివారం కూడా బయట పని పెట్టుకున్నాడని ఆయన మీద నాకు ఇన్నేళ్ళూ కోపం అంది.

నోటి దాకా వచ్చింది. మీ నాన్న ఆదివారం పని పెట్టుకోలేదు, మా అమ్మ పులుసు కోసం కూర కోస్తున్నాడు అని చెప్పాలి. చెబితే ఆమె కోపం ఆయన మీద నుంచి తొలగేది. నా మీదకి వచ్చేది. వస్తే రావలసిందే.

నేను ఆమె వీపు నిమిరాను. ఊరుకోమన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, తన చేత్తో నాకు అన్నం వడ్డించింది, చేప ముక్కల్లో పెద్దది ఏరి పెట్టింది. అంతా తిన్నాను. సాయంత్రం బండికి వచ్చేశాను.